బూట్లు విప్పాక ఆఫీసు లేదు

సెప్టెంబరు 4

సంతోషం ఎక్కువై ఎవరికీ చెప్పుకోలేనప్పుడు మిగతావాళ్ళు ఏం చేస్తారో తెలియదు. నేను ఈ డైరీ కొన్నాను. సెప్టెంబరులో డైరీ కొనే మనిషిని మొదటిసారి చూస్తున్నానని షాపతను నవ్వాడు. నవ్వనీ.

ఇవాళ పెద్దాయన పిలిచారు. విదేశాంగ శాఖలో ఆయన పిలుపంటే మామూలుగా చీవాట్లకే. ఈసారి తలుపు వేసి కూర్చోమన్నారు.

"గోడ మీద పిల్లిలా కూర్చునే రోజులు అయిపోయాయమ్మా. ఎగువవాళ్ళూ తేల్చమంటున్నారు, దిగువవాళ్ళూ తేల్చమంటున్నారు. నెలాఖరుకల్లా ఎవరితోనో ఒకరితో చెయ్యి కలపాలి. ఎగువతో మాటలు నువ్వు నడుపు. మంత్రిగారి మొగ్గు కూడా అటే ఉంది. ఆ ముక్క మాత్రం మన మధ్యే ఉండనీ."

నదికి ఎగువన ఒక దేశం, దిగువన ఒక దేశం, నడుమ మనం. వాళ్ళిద్దరికీ ఒకరి పొడ ఒకరికి గిట్టదు. ఇద్దరికీ కావలసింది మన కొండ మీదున్న విమానాల మైదానం. ఇన్నేళ్ళూ ఇద్దరికీ నవ్వుతూ నమస్కారం పెట్టి నెట్టుకొచ్చాం. ఎగువ విభాగంలో నేను పద్నాలుగేళ్ళుగా వాళ్ళ భాష మాట్లాడుతూ, వాళ్ళ అలకలు తీరుస్తూ ఎదురుచూసింది ఈ రోజు కోసమే. కారిడార్‌లో నడుస్తుంటే కాళ్ళు నేల మీద ఆనలేదు.

నా గది ఎదురుగా దిగువ విభాగం. అందులో కూర్చునేది మా ఆయన. తలుపు తీసే ఉంది. ఫైలు మీంచి తలెత్తి చూసి, మళ్ళీ దించుకున్నారు. ఇంటికొచ్చాక పంచుకుందామంటే కుదరదు. పెళ్ళయిన కొత్తలో చేపల పడవల గొడవ మీద భోజనం దగ్గర మొదలైన వాదన తెల్లవారేదాకా సాగింది. ఆ పొద్దున నేనే నియమం పెట్టాను: బూట్లు విప్పాక ఆఫీసు లేదు. ఇంతవరకు ఇద్దరిలో ఎవరమూ తప్పలేదు. మా కాపురం నిలిచింది ఆ ఒక్క ముక్క మీదే అని స్నేహితురాళ్ళకు గొప్పగా చెబుతుంటాను.

అందుకని, డైరీ.


సెప్టెంబరు 6

అక్క ఫోన్. మా అత్తయ్య నెలరోజులుగా ఎగువ దేశంలో మా అక్క దగ్గరే ఉంది. కళ్ళకు శుక్లాలు. అక్కడి కంటి ఆసుపత్రి పేరున్నది, అక్క ఇల్లు దాని వెనక వీధిలోనే. ఒక కన్ను అయింది, రెండోది వచ్చే నెల. రోజుకు నాలుగుసార్లు చుక్కల మందు వెయ్యాలి. అక్క కుట్టుమిషన్ ఆపి, చేతులు కడుక్కుని వచ్చి వేస్తోంది. బావ పోయాక ఆ ఇంట్లో మాట్లాడే మనిషి దొరకడం ఇదే మొదటిసారి అనుకుంటాను. ఫోన్‌లో ఇద్దరూ ఒకేసారి మాట్లాడుతున్నారు.

చివర్లో అక్క గొంతు తగ్గించింది. "చిట్టీ, ఇక్కడ జనం ఏదేదో అంటున్నారే. మీవాళ్ళు దిగువవాళ్ళతో కలిస్తే మీచేత మూటాముల్లె సర్దిస్తాం అన్నాడు బట్టల కొట్టాయన. నవ్వుతూనే అన్నాడులే. నా కుట్టు కొట్టు మూసేసి వచ్చెయ్యనా?"

అక్క అక్కడికి వెళ్ళి ఇరవై ఏళ్ళు దాటింది. పాస్‌పోర్టు మాత్రం మనదే ఉంచుకుంది. రెండు మిషన్లు, స్కూలు యూనిఫారాల పని, మంచి పేరు. అదంతా వదిలి రావడమంటే ఈ వయసులో మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టడం. "తొందరపడకు, నేను చెబుతాను" అన్నాను.


సెప్టెంబరు 9

మంత్రిగారి ముందు ఇద్దరి వాదనలూ. ఇంట్లో "నువ్వు" అనే మనిషి మీటింగులో నన్ను "మీరు" అంటుంటే ఇప్పటికీ నవ్వొస్తుంది.

"ఎగువ విభాగంవారు దాహం గురించే ఆలోచిస్తున్నారు. మేం ఆకలి గురించి ఆలోచిస్తున్నాం. మన సరుకంతా దిగేది దిగువవాళ్ళ రేవులోనే. వాళ్ళు గేటు వేస్తే నెల తిరక్కుండా అంగళ్ళు ఖాళీ" అన్నారాయన.

"రేవు కాకపోతే రోడ్డుంది, రైలుంది. నది ఒక్కటే. దాని మూత ఎగువవాళ్ళ చేతిలో ఉంది. దిగువ విభాగంవారికి సముద్రం నీళ్ళు తాగే అలవాటుంటే నాకు అభ్యంతరం లేదు" అన్నాను.

మంత్రిగారు పడీపడీ నవ్వారు. పెద్దాయన నావైపు చూసి తలూపారు. ఆయనా నవ్వారు, మా ఆయన. ఓడిపోతున్నానని తెలిసి కూడా నవ్వగలిగే మనిషి. తిరిగొస్తూ బస్సులో వంటింటి కుళాయి కారడం గురించి మాట్లాడుకున్నాం.


సెప్టెంబరు 13

ఎగువవాళ్ళ తరఫున వచ్చినాయనకు గొంతు బొంగురు. నేను ఆయనకు పెట్టుకున్న పేరు బొంగురాయన. పైకి కటువు, లోపల చాలా మర్యాదస్తుడు. మూడురోజులుగా నీళ్ళ దగ్గరే ఆగిపోయాం. ఎండాకాలంలో కూడా ఇంత నీరు వదులుతామని రాసివ్వమంటాను నేను. రాసిస్తే మా రైతులు మమ్మల్ని బతకనివ్వరంటాడు ఆయన.

ఇవాళ కాగితాలు పక్కన పెట్టి సూటిగా అడిగాడు. "అమ్మా, ఒక్కమాట. మీ ప్రభుత్వం నిజంగానే మాతో కలవాలనుకుంటోందా, లేక మమ్మల్ని చూపించి అవతలివాళ్ళ దగ్గర బేరం పెంచుకుంటోందా? నేను అక్కడికెళ్ళి ఒప్పించాలి. పరువు పోయేది నాది."

"నిజంగానే. నా మాటగా తీసుకోండి" అన్నాను.

ఆయన నా మొహంలోకి కాసేపు చూసి, సంతకం పెట్టాడు. నీళ్ళ హామీ వచ్చింది! తాతల నాటి నుంచి ఎవరికీ ఇవ్వనిది. పెద్దాయనకు చెబితే "ఇంకేం, అయిపోయినట్టే" అన్నారు.

ఇంట్లో ఏమీ చెప్పలేదు. కూనిరాగం తీస్తూ గిన్నెలు తోమాను. "ఏంటి హుషారు?" అన్నారు. "బూట్లు విప్పేశాను" అన్నాను. నవ్వేశారు.


సెప్టెంబరు 15

ఈయన సెలవు పెట్టి అత్తయ్యను తీసుకురావడానికి బయల్దేరారు. అక్కడి చలి ఆవిడకు పడటం లేదట. రెండో కన్ను ఇక్కడే చేయిద్దాం అన్నారు. దిగువవాళ్ళతో పని తలమునకలుగా ఉన్న సమయంలో తల్లి కోసం రెండురోజులు సెలవు! పెళ్ళికి ముందు నాకు నచ్చిన గుణం ఇదే.


సెప్టెంబరు 17

అత్తయ్య వచ్చింది. నల్ల కళ్ళద్దాలు, కొత్త కన్ను. ఆ కంటికి మా ఇంట్లో ఇన్నాళ్ళూ కనిపించని దుమ్మంతా కనిపిస్తోంది. ఫ్యాన్ మీద, అలమర మీద, నా మీద. తల ప్రాణం తోకకొచ్చింది.

"చలి తగ్గిందా అత్తయ్యా?" అన్నాను.

"చలేంటి? సెప్టెంబరులో చలేంటమ్మాయ్? ఉక్కపోసి చచ్చాను. మీ అక్క రెండు ఫ్యాన్లూ నావైపే తిప్పింది, పాపం."

కొడుకులకు తల్లి మీద బెంగ పుడితే చలని అంటారు, ఇంకోటని అంటారు. ఆ మాత్రం అర్థం చేసుకోలేనా.


సెప్టెంబరు 19

సాయంత్రం అక్క మళ్ళీ ఫోన్ చేసింది. వంటింట్లో నిలబడి మాట్లాడాను. ఈయన అక్కడే బల్ల దగ్గర కూర్చుని వాళ్ళమ్మ నల్ల కళ్ళద్దాలు చొక్కా అంచుతో తుడుస్తున్నారు.

"చిట్టీ, పక్కింటివాళ్ళు ఎల్లుండి బస్సుకి వెళ్ళిపోతున్నారే. మనవాళ్ళే. నాకూ టికెట్ తియ్యమంటారా అని అడిగారు. ఏమనను?"

ఆఫీసు ముక్క ఇంట్లో మాట్లాడకూడదు. అయినా అక్క. "ఎందుకని అడక్కు అక్కా. నువ్వెక్కడికీ కదలక్కర్లేదు. అంతా మంచే జరుగుతోంది. కొట్టు మూయకు. నన్ను నమ్ము" అన్నాను.

"నువ్వన్నావంటే ఇంకేం. వాళ్ళకి వద్దని చెప్పేస్తా" అంది. ఆ గొంతులో బరువు దిగడం నాకు వినిపించింది.

ఫోన్ పెట్టి చూస్తే ఈయన ఇంకా తుడుస్తూనే ఉన్నారు. ఒక అద్దం అయ్యాక రెండోది, మళ్ళీ మొదటిది. నియమం కొంచెం తప్పానని కోప్పడతారేమో అనుకున్నాను. ఒక్క మాట అనలేదు. మంచి మనిషి.


సెప్టెంబరు 22

చిత్తుప్రతి పూర్తి. ఒక్క అక్షరం మార్చనవసరం లేదన్నారు పెద్దాయన.


సెప్టెంబరు 25

రాయాలి. జరిగింది జరిగినట్టు రాయాలి.

పదకొండింటికి బొంగురాయన రావాలి. చివరి మాటలు. గది సర్దించి, పూలు పెట్టించి, గుమ్మం దగ్గర నిలబడ్డాను. రాలేదు. ఎదురు గది తాళం వేసి ఉంది. కింది హాల్లో జనమంతా టీవీ దగ్గర గుమిగూడితే నేనూ వెళ్ళి చూశాను. మంత్రిగారు. పక్కన దిగువ దేశపు మంత్రి. ఇద్దరూ ఒకే కలం పట్టుకుని ఫొటోకి నవ్వుతున్నారు. వెనక వరుసలో పెద్దాయన. ఆయన పక్కన, నిన్న నేను ఇస్త్రీ చేసిన చొక్కాలో, మా ఆయన.

ఎవరో "మీవారు కదండీ, అభినందనలు" అన్నారు. థాంక్స్ అన్నాను. అన్నాను!

మధ్యాహ్నం పెద్దాయన గదిలోకి అడగకుండానే వెళ్ళాను. ఆయన కొంచెం కూడా తడబడలేదు. "కూర్చోమ్మా. నీళ్ళ హామీ దాకా ఎగువవాళ్ళు వచ్చారని తెలిశాకే దిగువవాళ్ళు రేవులో మన సరుకు దించుకోవడానికి సొంత గట్టు ఇచ్చారు. దానికి కారణం నువ్వు. దేశానికి చాలా మేలు చేశావు."

"నేను ఎరనన్నమాట."

"అలా ఎందుకనుకోవాలి? చూడు, నువ్వు నమ్మితేనే వాళ్ళు నమ్ముతారు. తెలిసి చేసుంటే నీ మొహమే చెప్పేసేది. నీకు దాపరికం చేతకాదని నిన్నెరిగినవాళ్ళే నాకు చెప్పారు."

కూరలో కరివేపాకులా తీసి పక్కన పెట్టారు. పద్నాలుగేళ్ళు.

నాలుగు గంటలకు ఎగువవాళ్ళు సరిహద్దు వంతెన మూసేశారు.


సెప్టెంబరు 25, మళ్ళీ

ఈయన వచ్చారు. గుమ్మంలోనే పట్టుకున్నాను. "బూట్లు విప్పకండి. మాట్లాడాలి" అన్నాను.

వంగి లేసులు విప్పారు. రెండు బూట్లూ జతగా సర్దిపెట్టారు. అప్పుడు తలెత్తి, "నాకూ నిన్ననే తెలిసింది. ఇంతకు మించి అడక్కు. నియమం నువ్వు పెట్టిందే కదా" అన్నారు. మొహం పీక్కుపోయి ఉంది.

నిన్ననే తెలిసింది. అంతే అయ్యుంటుంది. ఆయన్నీ చివరిదాకా చీకట్లోనే ఉంచారు. నమ్మాను. ఈ ఇంట్లో కూడా నమ్మకపోతే ఇంకెక్కడ నమ్మాలి?


సెప్టెంబరు 26

అక్క ఫోన్ ఎత్తడం లేదు.


సెప్టెంబరు 27

ఎత్తడం లేదు. ఈయన "లైన్లు ఆపేసి ఉంటారు" అన్నారు. అంతే అయ్యుంటుంది.


సెప్టెంబరు 28

బొంగురాయన వెళ్ళిపోతున్నాడని తెలిసి వాళ్ళ కార్యాలయానికి వెళ్ళాను. పెట్టెలు కారులోకి ఎక్కిస్తున్నారు. తిడతాడనుకున్నాను. తిడితే బాగుండేది.

"మీరు అబద్ధం చెప్పలేదని నాకు తెలుసమ్మా. మొహాలు చదవడం నా పని. మీరు నిజమే చెప్పారు, అందుకే నేను మునిగాను" అన్నాడు. అక్క సంగతి చెప్పి, ఏమైనా చెయ్యగలరా అని అడిగాను. అడగడానికి సిగ్గేసింది, అయినా అడిగాను. "మొన్నటిదాకా అయితే నా ఒక్క ఫోన్‌తో అయ్యేది. ఇప్పుడు మా ఊళ్ళో నా ఫోన్ ఎవరెత్తుతారు?" అన్నాడు.


సెప్టెంబరు 30

పొద్దున అత్తయ్యకు చుక్కలు వేస్తున్నాను. ఈ నాలుగురోజులూ కొడుకుతో వేయించుకుంది, ఇవాళ ఆయన తొందరగా వెళ్ళారు.

"నీకింకా చెయ్యి తిరగలేదమ్మాయ్. మీ అక్క చెయ్యి స్థిరం. సూది పట్టే చెయ్యి" అంది. తర్వాత, "ఈ రెండో కన్ను ఎప్పుడు చేయిస్తాడో అడుగు. అక్కడ తారీఖు కూడా ఇచ్చారు. డాక్టరు బతిమాలాడు, ఇంకో ఇరవై రోజులు ఉండండి అని. వీడు వింటేనా? 'అమ్మా, వంతెన మూసేస్తారు, మళ్ళీ దాటలేవు, అక్కడ వద్దు' అన్నాడు."

"ఎప్పుడన్నారు అత్తయ్యా?"

"తీసుకొచ్చేటప్పుడే. బస్సులో. ఎవరికీ చెప్పకు అన్నాడు. నువ్వు ఎవరో కాదు కదా."

చుక్క కంట్లో పడలేదు. చెంప మీద పడింది. తుడిచాను.

పదహారో తారీఖు. నేను ఫోన్‌లో "నన్ను నమ్ము" అన్నది పంతొమ్మిదిన. ఆయన అక్కడే కూర్చుని అద్దాలు తుడుస్తున్నారు.

ఒక అద్దం, రెండోది, మళ్ళీ మొదటిది.


అక్టోబరు 1

అక్క ఫోన్ కలిసింది. పోలీస్ స్టేషన్ పక్క దుకాణం నుంచి చేసింది. పాస్‌పోర్టు తీసేసుకున్నారు. మిషన్లకు సీలు వేశారు. రోజూ పొద్దున వెళ్ళి సంతకం పెట్టి రావాలి. పక్కింటివాళ్ళు వెళ్ళిన బస్సే చివరిదట.

ఏడుస్తుందనుకున్నాను. నన్ను ఓదారుస్తోంది! "నీకు మాత్రం ఏం తెలుసే? ఎవరికి తెలుసు? మరిదిగారిని కూడా అడిగాను కదా."

"ఏమని?"

"అత్తగారిని తీసుకెళ్ళడానికి వచ్చినరోజు. భోజనం వడ్డిస్తూ అడిగాను. మరిదిగారూ, నేనూ మీతో బయల్దేరనా, ఒక్క పెట్టె సర్దుకుంటే చాలు అన్నాను. బస్సులో చోటు కూడా ఉంది. 'మీ చెల్లెలు ఏమంటే అది చెయ్యండి వదినగారూ, ఎగువ సంగతులు ఆవిడకే బాగా తెలుసు' అన్నారు. పెద్ద మనసే ఆయనది, నీ పనికి అంత విలువిస్తారు."

దుకాణంలో ఎవరో తొందరపెట్టారు. పెట్టేసింది.


అక్టోబరు 1, సాయంత్రం

అతను వచ్చి, బూట్లు విప్పి, భోజనానికి కూర్చున్నాడు. అత్తయ్య కూడా కూర్చుంది. నేను గుమ్మం దగ్గరికి వెళ్ళి నా బూట్లు తొడుక్కుని, లేసులు కట్టుకుని, అలాగే లోపలికి వచ్చాను. తుడిచిన నేల మీద అచ్చులు పడ్డాయి. అత్తయ్య కొత్త కన్ను వాటినే చూస్తోంది.

ఎదురుగా కూర్చుని, "ఇప్పుడు ఆఫీసు. దిగువ విభాగంవారు చెప్పండి. నీకు ఎప్పుడు తెలుసు?" అన్నాను.

పెళ్ళయ్యాక అతన్ని "నువ్వు" అనడం అదే మొదలు. ముద్ద చేతిలోనే ఆగింది.

"అమ్మ ముందు ఎందుకు..."

"ఎప్పుడు?"

"మొదట్నుంచీ" అన్నాడు. "సెప్టెంబరు మొదటివారం నుంచి. ఎగువతో ఎవర్ని కూర్చోబెడదామని పెద్దాయన అడిగితే నీ పేరు నేనే చెప్పాను. నువ్వయితేనే వాళ్ళు నమ్ముతారని. తప్పేముంది? రేవు వచ్చింది. చివరికి లాభపడింది మనమే."

"మా అక్క?"

"ఆవిడకు చెబితే నీకు చెబుతుంది. నీకు తెలిస్తే ఆ బొంగురాయన ముందు అంత నిబ్బరంగా కూర్చోగలిగేదానివా? అంతా పోయేది."

బొంగురాయన. ఆ పేరు నేను ఆఫీసులో ఎవరి దగ్గరా అనలేదు, ఇంట్లోనూ అనలేదు. రాసింది ఇక్కడే. అంటే ఇది కూడా చదివాడు. నేను ఎంత నమ్ముతున్నానో రోజూ చూసుకున్నాడన్నమాట.

"మరి అత్తయ్య?" అన్నాను. "దేశ రహస్యం కదా. మీ అమ్మకు ఎలా చెప్పావు?"

చేతిలోని ముద్ద కంచంలో పెట్టేసి "అమ్మ కదా" అన్నాడు.

అత్తయ్య నల్ల కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టింది. "ఒరేయ్, ఆ పిల్ల రోజుకు నాలుగుసార్లు మిషన్ ఆపి నా కంట్లో మందు వేసిందిరా. నువ్వు దాని చేత్తో వడ్డించుకుని తిన్నావు. నేను పక్కనే ఉన్నాను. పెట్టె సర్దుకోనా అని అది అడుగుతుంటే విన్నాను. నాకు అప్పటికి తెలీదు. నీకు తెలుసు" అంది. గొంతు పెంచలేదు. కంచం పక్కకు నెట్టేసి, గోడ పట్టుకుని లోపలికి వెళ్ళిపోయింది. పడుకునేముందు చుక్కలు వెయ్యడానికి అతను వెళ్తే తలుపు తియ్యలేదు.


అక్టోబరు 3

అతను చదువుతాడని తెలిసి కూడా రాస్తున్నాను. చదువుకో. పెట్టె సర్దుకున్నాను. ఒక్క పెట్టె చాలు.

అత్తయ్య "నేనూ వస్తా" అంది. ఒక కన్నే అయినా, దారి చూపించడానికి అది చాలు అని నవ్వబోయి ఏడ్చింది.


అక్టోబరు 4

అద్దె గది. కిటికీ తెరిస్తే పక్కింటి గోడ. అత్తయ్య మంచం వేశాక నడవడానికి చోటు లేదు. అక్క ఫోన్ వచ్చింది.

"చిట్టీ, ఇవాళ స్టేషన్‌లో ఇద్దరు మనవాళ్ళు కలిశారే. కొండదారిన దాటించే మనిషి ఉన్నాడట. పట్టుబడితే జైలే. ఉండిపోతే ఏమవుతుందో వాళ్ళకీ తెలీదు. రేపు పొద్దున్నకల్లా చెప్పమన్నారు. వెళ్ళమంటావా, ఉండమంటావా?"

అన్నీ చెప్పేశాను. మరిది సంగతి, నా సంగతి, నన్ను ఎందుకు కూర్చోబెట్టారో, అన్నీ. "నన్ను అడక్కు అక్కా. నా మాట విని నువ్వు చిక్కుకుపోయావు. ఇంక నన్ను నమ్మొద్దు" అన్నాను.

"అదంతా సరేలేవే" అంది అక్క. "నువ్వు చెప్పు. వెళ్ళనా, ఉండనా?"